17.4 ఏ బ్యాకప్ ఏ టేపులో ఉంది?

ఈ భాగం చదివిన తరువాత మీరు టేపుల నివేదికను తయారుచేయగలుగుతారు.

కంప్యూటరులోని సమాచారానికి తీసి ఉంచే నకలును బ్యాకప్ అంటారు. పెద్ద సంస్థలు దీనిని టేపులపై కూడా భద్రపరుస్తాయి. 2011 ఫిబ్రవరిలో సాఫ్ట్‌వేర్ లోపం వల్ల కొందరి జీమెయిల్ ఉత్తరాలు చెరిగిపోగా, గూగుల్ సంస్థ వాటిని టేపుల నుంచే తిరిగి తెచ్చింది.

ఎల్‌టీఓ-8 రకం టేపు పొడవు 960 మీటర్లు. దానిలో 12 టెరాబైట్ల సమాచారం పడుతుంది. ఒక టేపులో అనేక బ్యాకప్‌లు ఉండవచ్చు. ఒకే బ్యాకప్ రెండు టేపులలో కొనసాగవచ్చు. పైకి అన్ని టేపులూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే నివేదిక అవసరం.

ఉదాహరణ:
ఆదివారం – మొత్తం సమాచారం – టేపులు 101, 102
సోమవారం – ఆదివారం తరువాత మారినవి – టేపు 103
మంగళవారం – సోమవారం తరువాత మారినవి – టేపు 103

బుధవారం ఉదయం కంప్యూటరు చెడిపోయిందనుకోండి. అప్పుడు 101, 102, 103 టేపులు ఇదే వరుసలో కావాలి. కాబట్టి ప్రతి టేపు ఎక్కడ ఉందో కూడా రాయండి.

గుర్తుంచుకోండి: నివేదిక ఆ కంప్యూటరులో మాత్రమే ఉంటే, దానితోపాటే పోతుంది. ఒక ప్రతిని కాగితంపై ముద్రించి వేరేచోట ఉంచండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
ప్రశ్న: 103వ టేపు పాడైతే ఏ సమాచారం దొరకదు?
జవాబు: ఆదివారం బ్యాకప్ తరువాత మారిన సమాచారం.