స్వాతంత్ర్యము - పారతంత్ర్యము

“రైతు నాగలితో పొలము దున్నెను” అను వాక్యమున రైతు కర్త, నాగలి కరణము. పాణిని మహర్షి కర్తకు లక్షణము చెప్పుచు, క్రియయందు స్వతంత్రుడైనవాడే కర్త యని నిర్ణయించినాడు. నాగలి తనంతట కదలదు. ఎవరు పట్టిన వారి వెంట నడచును. లోకములో స్వాతంత్ర్యమును గూర్చిన వివాదమంతయు ఈ చిన్న విషయమునందే ఇమిడియున్నది. మానవుడు తన బ్రతుకునకు కర్తయా? లేక ఇంకొకరి చేతిలోని కరణమా?

ఈ ప్రశ్నకు అందరును ఒకే సమాధానము చెప్పరు. చెరసాలలోనున్న వానికి తలుపు తెరచుకొనుటయే స్వాతంత్ర్యము. వెట్టివానికి తన శ్రమ తనదగుట స్వాతంత్ర్యము. అత్తవారింట నోరు మెదపలేని కోడలికి తన మాట చెల్లుట స్వాతంత్ర్యము. మన కర్నూలు, కడప సీమల మెట్టరైతు నడిగినచో అప్పు తీరుటయే స్వాతంత్ర్యమనును. అప్పులేక స్వస్థలమున ఉన్నంతలో తినువాడే సుఖియని యక్షునకు ధర్మరాజు చెప్పిన సమాధానము, వానకై ఆకాశమువంక చూచు రైతునకు ఒకరు బోధింపనక్కరలేదు.

ఈ సీమచరిత్ర నించుక పరికింతము. 1800 సంవత్సరమున నైజాము ఈ దత్తమండలములను ఆంగ్ల కంపెనీకి ధారాదత్తము చేసెను. మన్రో దొర 1807 వరకు ఇచట కలెక్టరుగా నుండి, పాళెగాండ్ర ప్రాబల్యము నణచి, రైత్వారీ పద్ధతిని నెలకొల్పెను. రైతు పాళెగాని చేతినుండి విడివడి సర్కారు శిస్తునకు లోబడెను. యజమాని మారెను గాని భయము మారలేదు. తుంగభద్రపై సుంకేసుల యొద్దనుండి త్రవ్వబడిన కర్నూలు-కడప కాలువ కొన్ని పొలములను తడిపినది. అయినను 1876-78 నాటి ధాతకరువు ఈ ప్రాంతమును అల్లాడించినది. ఆకలిగొన్నవానికి స్వాతంత్ర్యమను శబ్దము అన్నము రూపముననే కనుపించునుగదా!

మరికొందరికి స్వాతంత్ర్యము గౌరవముతో ముడిపడినది. తన కుటుంబమునకు రావలసిన తవర్జీని నిరాకరించిన కంపెనీపై 1846లో తిరుగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరిదీసిరి. కర్నూలున జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు ‘స్వరాజ్య’ పత్రికలో పరపాలనను ఖండించి, 1908లో కారాగారము పాలైరి. అటుపిమ్మట వారు గ్రంథాలయోద్యమమునకును, వయోజనవిద్యకును తమ జీవితమును అర్పించిరి. అక్షరము రానివాడు ఇతరులు చదివి చెప్పిన దానికే తలయూపవలెను గనుక, వాని స్వాతంత్ర్యము పరుల నాలుకపై నున్నదని వారెరుగుదురు.

ఇంకొక సంకెల కలదు. అది కంటికి కనుపించదు. కందిమల్లాయపల్లెలో మఠము నెలకొల్పిన శ్రీ పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామివారు దూదేకుల కులమున పుట్టిన సిద్ధయ్యను శిష్యునిగా స్వీకరించిరి. పుట్టుకయే మనిషి యోగ్యతను నిర్ణయించునను కట్టుబాటు నుండి విడివడుట సిద్ధయ్య పొందిన స్వేచ్ఛ. గురువు వానికి ఉపదేశమునే గాక, తాను ఎవరికిని తక్కువ కాననెడి ధైర్యమును గూడ ప్రసాదించెను.

ఇక తాళ్లపాకలో అవతరించిన అన్నమాచార్యులవారి కథ మనకందరకు పరిచితమే. మనుమడు చిన్నన్న ద్విపదలో రచించిన చరిత్రమున ఈ వృత్తాంతము కలదు. శ్రీవారిపై అన్నమయ్య పాడిన శృంగారపదమును విని, సాళువ నరసింహరాయలు పరవశుడై, తనపైగూడ అట్టి పదము చెప్పుమనెను. హరిని కీర్తించు నాలుక నరుని కీర్తింపదని ఆయన నిరాకరించెను. రాజు కోపించి సంకెలలు వేయించెను. అన్నమయ్య స్వామిని ప్రార్థింపగా అవి ఊడిపడెను, రాజు పశ్చాత్తప్తుడాయెను.

ఇచట ఎవరు స్వతంత్రులు? రాజునకు సైన్యము కలదు, చెర కలదు. కాని ఒక పదము కొరకు కవి నోటివంక చూడవలసివచ్చెను. కవి నాలుకను తన కీర్తికి కరణముగా చేసికొనదలచిన రాజే పొగడ్తకు దాసుడాయెను. సంకెలలోనున్న కవి మాత్రము కర్తగనే నిలిచెను.

కాని భక్తుడు తాను హరిదాసుడనని చెప్పుకొనుచున్నాడు గదా, అది మాత్రము పారతంత్ర్యము కాదా యను శంక కలుగవచ్చును. దీనికి మన సీమలోని క్షేత్రములే సమాధానము చెప్పుచున్నవి. 1671లో శ్రీ రాఘవేంద్రస్వామివారు బృందావనప్రవేశము చేసిన మంత్రాలయము ద్వైతమత పీఠము. ఆ మతమున తత్త్వము స్వతంత్రము, అస్వతంత్రము అని రెండు విధములు. శ్రీహరి ఒక్కడే స్వతంత్రుడు. జీవునకు కర్తృత్వము కలదు, అయితే అది ఈశ్వరాధీనము. అన్నమయ్య వేదాంతము నభ్యసించిన అహోబిలమున జీవుని శేషత్వమే వాని స్వరూపమని బోధింతురు. ఇతరుల దాస్యము మనిషిని కుదించును; సర్వజీవులకు సమానుడైన స్వామికి దాసుడైనవాడు రాజును, కూలివానిని సమదృష్టితో చూడగలడు. ఒక్కనికి తలవంచినవానికి వేయిమందికి తలవంచు అవస్థ తప్పును.

అయితే ఒక హెచ్చరిక అవసరము. “ఆత్మ స్వతంత్రమైన చాలును, బాహ్యబంధములెట్లున్న నేమి?” యని కొందరందురు. కడుపు నిండినవాడు అప్పులవానికి ఈ మాట చెప్పినచో అది వేదాంతము కాదు, నిర్దయ. అన్నమయ్య మనసు సంకెలలోనుండియు స్వేచ్ఛగనే యున్నది. అయినను సంకెల ఊడవలెనని ఆయన స్వామిని వేడుకొనెను. ఇనుము బరువు ఇనుము బరువే. దానిని తొలగింపుమని అర్థించుట భక్తికి లోపము కాదు. కనుక తోటివాని కాలి సంకెలను చూచియు మిన్నకుండుట భక్తుని లక్షణము కానేరదు. మన రాజ్యాంగపు 21వ అధికరణము వ్యక్తిస్వేచ్ఛను రక్షించుచున్నది. 1976 నాటి చట్టము వెట్టిచాకిరిని రద్దుచేసినది. ఆ శాసనములకు ప్రాణము పోయవలసినది మన ప్రవర్తనయే.

కావున సాధకుడు దినాంతమున దీపము ముందు కూర్చుండి మూడు ప్రశ్నలు వేసికొనవలెను. నేడు నేను చేసిన పనులలో ఆశకు గాని, భయమునకు గాని, పొగడ్తకు గాని కరణమునై చేసినవెన్ని? నా ఇంట, నా పొలమున, నా కొలువున ఎవనినైన కరణముగ వాడుకొంటినా? నా వలన ఒక్కని బంధమైన సడలినదా? మొదటి ప్రశ్న మనలను విడిపించును. రెండవది మనవలన బాధపడువారిని విడిపించును. మూడవది మన స్వేచ్ఛను సేవగా మార్చును.

సర్వస్వతంత్రుడైన శ్రీనివాసుడు మనకు అట్టి బుద్ధిని ప్రసాదించుగాక!