ఖండి లెక్క: ఇరువది తూములు, ఇరువది కాఠాలు

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైలు మార్గం వలన పెరిగిన పట్టణం. 1887లో స్థాపితమైన బెంగాల్ నాగపూర్ రైల్వే దీనికి కొత్త రూపునిచ్చినది. 2003 నుండి ఇది ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రస్థానం. ఉద్యోగాలకై వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ స్థిరపడినవి. 1931లో రాయపూర్–విజయనగరం మార్గం పూర్తి కావడంతో ఆంధ్ర తీరానికి రాకపోకలు సులభమైనవి. వరి పండే సీమ నుండి వరి పండే సీమకే వచ్చిన వీరికి ధాన్యం కొత్త కాదు, కొలత కొత్త.

తెలుగువారి లెక్కలో నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము. ఇరువది తూములు ఒక పుట్టి. దానికే ఖండి అని మరొక పేరు. ఛత్తీస్‌గఢ్ పల్లెలలో ధాన్యం కొలిచే పాత్ర కాఠా. ఇరువది కాఠాలు ఒక ఖండి, ఇరువది ఖండులు ఒక గాడా. పేరు ఒకటే, ఇరువది లెక్కా ఒకటే. కాని కాఠా తూము కంటే చాల చిన్నది కనుక రెండు ఖండుల ధాన్యానికీ పోలిక లేదు.

ఒకే ప్రాంతంలోనైనా ఊరూరా పాత్ర మారేది. అంచుకు సమంగా కొట్టి కొలిస్తే ఒక లెక్క, పైన రాశి పోసి కొలిస్తే మరొకటి. శిస్తు, కూలి ధాన్యరూపంలో చెల్లే కాలంలో ఇది చిన్న విషయం కాదు. పుచ్చుకొనేటప్పుడు పెద్ద కుంచం, ఇచ్చేటప్పుడు చిన్న కుంచం వాడే ఆసామి చేతిలో కౌలుదారు, కూలివాడు రెండువిధాల నష్టపోయేవారు. కళ్లంలో మొదటి కొలతను “ఒకటి” అనక “లాభం” అనడం తెలుగునాట ఆచారం; ఆ లాభం ఎవరిదో పాత్రయే నిర్ణయించేది!

పాల విషయం వేరు. తెలుగు ఇండ్లలో పాలకు గిద్ద, సోల, తవ్వ అనేవి పాత్ర కొలతలు. హిందీ ప్రాంతాలలో సేరు, పావు అనేవి మూలంలో తూనికలు. ఎనుబది తులాల సేరు సుమారు 933 గ్రాములు. పావు అందులో నాలుగవ వంతు. అంత బరువు పాలు పట్టే చెంబే కొలతగా చెల్లేది. సోలకు అలవాటుపడిన గృహిణి పావుతో సరిపెట్టుకొనవలసి వచ్చేది.

1956 నాటి తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం దేశమంతటికీ మెట్రిక్ పద్ధతిని నిర్దేశించినది. 2009 నాటి చట్టం దాని స్థానంలో వచ్చిన పరంపరలోనిదే. నేడు ధాన్యపు కొనుగోలు క్వింటాళ్లలో, పాల అమ్మకం లీటర్లలో జరుగుతున్నది. ఆ లీటరులో నాలుగవ వంతును మాత్రం బిలాస్‌పూర్‌లోను, విజయనగరంలోను పావు అనే అడుగుతారు.