గట్టు మీద కూర్చోబెట్టకు

జగదల్‌పూర్

సుధా,

కొండగావ్‌లో మీ బడి పిల్లలకు హాకీ నేర్పుతున్నావని తెలిసి చాలా సంతోషించాను. కుడి చెయ్యి ఒక్కటే ఉన్న అబ్బాయి చేతా, వినపడని అమ్మాయి చేతా స్కోరు రాయిస్తున్నానని రాశావు. ఆ పుస్తకం వేరే ఎవరికైనా ఇచ్చి, రేపే వాళ్ళిద్దరికీ కర్రలివ్వు.

మీ జిల్లాలోనే మర్దాపాల్ ఉంది కదా. 2016లో అక్కడ ఐటీబీపీ (ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు) వాళ్ళు ఆదివాసీ ఆడపిల్లలకు హాకీ మొదలుపెట్టేనాటికి ఆ పిల్లలకు ఈ ఆట పేరే కొత్త. సరైన మైదానం లేక శిబిరం హెలిప్యాడ్ మీద నేర్పారు. వాళ్ళలో కొందరు రాష్ట్ర జట్టు ఎంపికల దాకా వెళ్ళారు. కాబట్టి టర్ఫ్ లేదని దిగులుపడకు. మన ఎర్రమట్టి నేల మీద రాళ్ళు ఏరించు, చాలు.

2024లో బస్తర్ ఒలింపిక్స్‌లో దివ్యాంగులకు విడిగా పోటీలు పెట్టారు. సుక్మాకు చెందిన పునెం సన్నా వీల్‌చెయిర్ పరుగులో పతకాలు గెలిచాడు. అలాంటి పోటీలు ఉండాల్సిందే. కానీ పరుగులో ఎవరి గెలుపు వారిది. హాకీలో పక్కవాడు బంతి ఇస్తేనే నాకు ఆట. ఆ ఇవ్వడం పిల్లలకు మొదటి రోజునుంచే అలవాటు కావాలి. స్పెషల్ ఒలింపిక్స్‌లో ‘యూనిఫైడ్’ జట్లున్నాయి. బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకే చొక్కా వేసుకుని కలిసి ఆడతారు. ఇద్దరి వయసూ ఆటా దాదాపు సమంగా ఉండేలా చూస్తారు. అందులో కిటుకు అదే. గట్టిగా ఆడేవాణ్ణి తెచ్చి జతచేస్తే వాడే గోలు కొడతాడు, రెండోవాడు చూస్తూ నిలబడతాడు.

ఇక ఆ అబ్బాయి సంగతి. హాకీలో ఎడమచేతి వాటం కర్ర ఉండదు, గుండ్రంగా ఉన్న వెనకవైపుతో ఆడకూడదు. మామూలుగా ఎడమ చెయ్యి పైన పట్టి కర్ర తిప్పుతుంది, కుడి చెయ్యి కింద బలమిస్తుంది. వాడు కుడి చేత్తోనే పైన పట్టుకోవాలి. తేలికైన కర్ర చూడు. మొదట కొట్టడం నేర్పకు, ఆపడం నేర్పు. మోకాళ్ళు వంచి కర్రను నేలకు ఆనించి అడ్డంగా పడుకోబెడితే, వచ్చే బంతి ఆగిపోతుంది. అది కుదిరాక నెమ్మదిగా తోయడం. దెబ్బ కొట్టడం చాలా రోజుల తర్వాతి మాట.

ఆ అమ్మాయికి విజిల్ వినపడదు, అంతే. హాకీ అంపైర్ ప్రతి తప్పుకూ చేతులతో సైగ చేస్తాడు. ఆ సైగలు జట్టంతటికీ నేర్పు. విజిల్‌తోపాటు ఎర్రగుడ్డ ఒకటి ఊపు. అది కనబడగానే ఆమె పక్కనున్న పిల్ల చెయ్యెత్తాలి. నువ్వు హల్బీలో చెప్పినా గోండీలో చెప్పినా, ఒకసారి ఒకే మాట చెప్పి చేసి చూపించు. మిగతా పిల్లలకూ అదే మేలు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను. పరిగెత్తలేడు కదా అని ఎవరినీ గోల్‌లో నిలబెట్టకు. చాలామంది కోచ్‌లు అదే చేస్తారు, నాకు ఒళ్ళు మండుతుంది. బంతి నూట అరవై గ్రాములే, కానీ రాయిలాంటిది. హెల్మెట్టూ ప్యాడ్‌లూ లేకుండా దాని ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా ఎతిమరపు రజని గోల్‌కీపర్‌గా భారత జట్టులోకి వెళ్ళింది. అది ఏళ్ళ తరబడి సాధన చేసి సంపాదించుకునే చోటు, మిగిలినవాళ్ళకు పడేసే చోటు కాదు.

వానాకాలంలో వరండాలో ఫ్లోర్ హాకీ ఆడించు. దానికి కొన బల్లపరుపుగా ఉండే కర్ర అక్కర్లేదు, నున్నటి కోల చాలు. బంతి బదులు నడుమ చిల్లు ఉన్న ఫెల్ట్ బిళ్ళ ఉంటుంది. కోల కొన ఆ చిల్లులో పెట్టి నడిపించడమే. దళసరి గుడ్డ కుట్టి నువ్వే చేసుకోవచ్చు. వీల్‌చెయిర్‌లో ఉన్న పిల్లలొస్తే సిమెంటు నేల మీద వాళ్ళకూ ఇదే ఆట.

కర్రలు జలంధర్‌నుంచి తెప్పిస్తాను. ఒక్కొక్కరికీ నేలనుంచి తుంటిదాకా కొలిచి, పేర్లతో సహా రాసి ఈ వారంలో పంపు. ఆ అబ్బాయి పేరు మొదట రాయి.

మీ పెదనాన్న