మల్లెపొదకు ఎరువును, ఆకుల కప్పును

మన యిండ్ల పెరళ్లలో మల్లెపొద పచ్చగా పెరిగియు పూయకున్నచో, దానిని పెరికివేయుదమని పెద్దలనుట కలదు. లూకా సువార్త 13వ అధ్యాయములోని ఉపమానమునందు, మూడేండ్లు కాయని అంజూరపు చెట్టును నరికివేయుమని యజమానుడు చెప్పగా, తోటమాలి యొక యేడు గడువడిగెను. గడువు మాత్రమే కాదు, చుట్టును త్రవ్వి యెరువు వేసెదననియు చెప్పెను. మల్లె విషయమున ఆ పని యెట్లు చేయవలెనో మనము తెలిసికొందము.

మల్లె క్రొత్త చిగుళ్లమీదనే పూయును. కావున నవంబరు చివర కొమ్మలను నేలకు అడుగున్నర యెత్తున కత్తిరింపవలెను. పిదప మొదటికి అడుగు దూరమున చుట్టును మట్టిని గుల్లచేసి, బాగుగా మాగిన పశువుల యెరువు 10 కిలోలు కలిపి నీరు పోయవలెను. పచ్చిపేడ వేయరాదు. అది క్రుళ్లునపుడు పుట్టెడు వేడి వేళ్లకు హాని చేయును, చెదలును చేరును.

నత్రజని ఆకును, కొమ్మను పెంచును. భాస్వరము వేళ్లకును, పొటాషు పూలకును తోడ్పడును. యూరియా మాత్రమే మాటిమాటికి వేసినచో పొద దట్టమగును గాని మొగ్గలు తగ్గును. పొద యొక్కింటికి ఏటికి నత్రజని 60, భాస్వరము 120, పొటాషు 120 గ్రాములు వేయవలెనని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయము వారి సిఫారసు. దీనిలో సగము కత్తిరింపు పిమ్మటను, సగము జూన్, జూలై నెలలలోను వేయవలెను. యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని గనుక, ఏడాదికంతకును 130 గ్రాముల యూరియా చాలును.

మల్లె విరివిగా పూయునది మండు వేసవిలో. నీటికి కొరత వచ్చునదియు నప్పుడే. అయినను పెరటిలో రాలిన ఆకులనూడ్చి తగులబెట్టుట మనకు వాడుక. ఆ యాకులనే పొద చుట్టును రెండు మూడంగుళముల మందమున పరచినచో తడి త్వరగా ఆరదు, కలుపు తగ్గును, వేళ్లు చల్లగా నుండును. అయితే మొదటి చుట్టును నాలుగంగుళములు విడిచిపెట్టవలెను. లేనిచో కాండము క్రుళ్లవచ్చును. ఎండుటాకులను మట్టిలో పూడ్చరాదు. పూడ్చినచో వానిని క్రుళ్లజేయు సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని తామే గ్రహించుటచే మొక్క పాలిపోవును.

విద్యార్థులారా, క్రిస్మసు సెలవులకు ముందే కత్తిరింపును, ఎరువును ముగింపుడు. ఫిబ్రవరిలో ఒక పొదకు ఆకులు కప్పి, వేరొకదానిని కప్పకుండ నుంచుడు. రెంటికిని సమముగా నీరు పోసి, మూడవ దినమున మట్టిలో వ్రేలు గ్రుచ్చి చూడుడు. ఏది తడిగా నున్నదో మీ తలిదండ్రులకును చూపుడు. ఆకులకు నిప్పు పెట్టు వాడుక మాన్పుటకు మా మాటకంటె అదియే మేలు.