పంటి మెడయొద్ద నరుగుదల

ఆరోగ్యపాఠము జరుగునపుడు పిల్లలు తఱచుగా “పండ్లు తోముకొననివారి పండ్లే గదా చెడునది?” యని యడుగుదురు. ఆ మాట సగమే నిజము. తోముకొననివాని పండ్లు పుచ్చును. మిక్కిలి బలముగా తోముకొనువాని పండ్లకు వేఱొక చేటు గలదు. చిగురు నానుకొని, పంటి మెడయొద్ద, గోటికి తగులునట్టి గాడి పడును. దానిని పుప్పిపన్ను అని భ్రమించి మఱింత గట్టిగా రుద్దువారు పెక్కండ్రు. అంతట గాడి మఱింత లోతగును.

పంటిని కప్పియున్న గట్టిపొరకు ఎనామెలు అని పేరు. దాని లోపలిది డెంటీను. ఖనిజముల కాఠిన్యమును కొలుచు మోసు కొలమానమున ఎనామెలునకు సుమారు 5, డెంటీనునకు సుమారు 3, ఇసుకలోని స్ఫటికమునకు 7 అంకెలు గలవు. ఈ మూడంకెలను జ్ఞాపకముంచుకొనుడు. ఇటుకపొడియందును, ఊక కాల్చిన బూడిదయందును ఇసుకజాతి పదార్థమే యున్నది. ఎనామెలు పంటి మెడయొద్ద మిక్కిలి పలుచనై ముగియును. చిగురు క్రిందికి జారినచో, ఎనామెలు లేని మెత్తని వేరు బయటబడును. ఇక దానిపై ఇటుకపొడి యేమి చేయునో వేఱుగ చెప్పనేల? మన పెద్దల యలవాటులను కించపఱచుట నా యభిమతము గాదు. కుంచెవలె మెత్తగా నమలిన వేపపుల్ల మంచిదే. నమలకయే దానితో రంపము కోసినట్లు కోయుటే చెడుగు.

బెర్లినులో బోధించుచుండిన మిల్లరు అను అమెరికా దంతవైద్యుడు ఊడదీసిన పండ్లను పొడులతో రుద్ది పరీక్షించి, ఇట్టి గాళ్లకు ముతకపొడియు, అడ్డముగా రుద్దుటయు ముఖ్యకారణములని 1907వ సంవత్సరమున ప్రకటించెను. కోఱపండ్ల వెనుకనుండు చిన్న దవడపండ్లకు ఈ గాళ్లు ఎక్కువ. వయస్సుతోపాటు ఇవి పెరుగుచుండును. పండ్లు కొఱుకువారికి కాటు బలమువలన మెడయొద్ద బీటలు వాఱునని 1984లో మఱికొందఱు పండితులు ప్రతిపాదించిరి గాని, దానిపై వాదము నేటికిని తీరలేదు.

పులుపు సంగతి మన తెలుగువారు ప్రత్యేకముగా వినవలసినది. నోటిలోని తడి పి.హెచ్. 5.5 కంటె దిగువకు పోయినచో ఎనామెలు కరుగ నారంభించును. చింతపులుసు, నిమ్మరసము, సీసాలలోని తీపినీళ్లు అన్నియు అంతకంటె పుల్లనివే. పులిత్రేన్పులవలన కడుపులోని ఆమ్లము నోటికి వచ్చుటయు నట్టిదే. చారన్నము తినుట మానుమని నేను చెప్పను, చెప్పినను వినువారు లేరు! తిన్నవెంటనే నీటితో పుక్కిలించి, గంటసేపు పిమ్మట తోముకొనినచో చాలును. ఆమ్లమువలన మెత్తబడిన పంటిని ఆ క్షణముననే రుద్దుటవలన నష్టము ఇనుమడించును.

మన బసంత్‌నగర్ సిమెంటు ఊరు. చేరువనే బొగ్గుగనులు. సిమెంటు, రాతిధూళి నడుమ పనిచేయువారి పండ్లు ఎక్కువగా నరుగుచున్నవని టాంజానియా దేశపు పరిశీలన యొకటి 1991లో వెలువడెను. ధూళి ముఖ్యముగా నమలెడి తలములను అరుగదీయును. అయినను షిఫ్టు దిగిన తండ్రి నోటిలోని గఱుకు పోవలెనని వెంటనే బలముగా తోముకొనినచో, ఆ ధూళియే పొడియై మెడయొద్ద పనిచేయును. కావున బాలబాలికలారా, ముందు నీటితో రెండుమూడుమార్లు పుక్కిలించి, పిమ్మట తోముకొనుమని నాయనగారితో మెల్లగా మనవిచేయుడు.

చల్లని నీరు త్రాగినపుడు పన్ను జివ్వుమనుట మొదటి గుఱుతు. బయటబడిన డెంటీనులోని సన్నని గొట్టములద్వారా ఆ బాధ నరమునకు చేరును. మెత్తని బ్రష్షును కలమువలె తేలికగా పట్టి, చిన్న చిన్న చుట్లుగా త్రిప్పుట మేలు. పిడికిటితో పట్టినచో బలము తెలియకయే ఎక్కువగును. అరిగిన పన్ను మరల పెరుగదు. లోతైన గాడిని దంతవైద్యుడు పంటిరంగు పదార్థముతో పూడ్చగలడు. రుద్దు తీరు మాఱనిచో ఆ పూత ప్రక్కనే వేఱొక గాడి పడును. ఆయనయొద్దకు పోవునపుడు మీరు వాడు బ్రష్షును, పొడిని వెంట తీసికొనిపొండు.