వూబర్న్ బావులు

అమెరికాలో బోస్టన్ నగరానికి ఉత్తరాన వూబర్న్ అనే చిన్న పట్టణం ఉంది. ఒకప్పుడు తోళ్ళ పరిశ్రమకు పేరుపొందిన ఊరది. 1964లో ఒకటి, 1967లో మరొకటి బావి తవ్వి, తూర్పుభాగంలోని ఇళ్ళకు నీళ్ళు ఇచ్చారు. ఆ నీళ్ళు వాసన వేస్తున్నాయని, రుచి బాగాలేదని జనం పదేపదే మొరపెట్టుకున్నారు. తాగడానికి పనికివస్తాయనే జవాబే వచ్చింది.

1972లో ఒక తల్లికి తన చిన్నకొడుకుకు రక్తక్యాన్సర్ వచ్చిందని తెలిసింది. చుట్టుపక్కల వీధుల్లో మరికొందరు పిల్లలకూ అదే జబ్బు! అందరూ తాగేది ఒకే నీరు గదా అని ఆమెకు అనుమానం కలిగింది. చాలాకాలం ఆ మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. 1979 మే నెలలో ఆ బావుల్లో ట్రైక్లోరోఇథిలీన్ అనే రసాయనం బయటపడింది. లోహపు వస్తువుల జిడ్డు వదిలించడానికి వాడే ద్రవమది. వెంటనే బావులు మూసివేశారు. ఆ తల్లి, ఆ ఊరి చర్చి గురువు కలిసి రోగులైన పిల్లల వివరాలు సేకరించారు. పటం మీద గుర్తులు పెట్టి చూస్తే, పన్నెండు ఇళ్ళలో ఆరు దగ్గరదగ్గరగానే ఉన్నాయి.

జబ్బు ఉండవలసిన దానికంటే ఎక్కువగా ఉందని 1981లో ప్రభుత్వ నిపుణులూ ఒప్పుకున్నారు. నీరే కారణమని మాత్రం చెప్పలేమన్నారు. వారి మాటలోనూ న్యాయం లేకపోలేదు. 1979కి ముందు ఆ నీటిలో ఏముందో కొలిచినవారు లేరు. ఆ ఏడే ఆ తల్లి కొడుకు చనిపోయాడు.

అప్పుడు హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన గణాంక శాస్త్రజ్ఞులు మార్విన్ జెలెన్, స్టీఫెన్ లగాకోస్ ముందుకు వచ్చారు. వేల కుటుంబాలను విచారించాలంటే మనుషులు కావాలి. ఆ మనుషులను ఊరే ఇచ్చింది. రెండువందలమందికి పైగా ప్రజలు ప్రశ్నలు ఎలా అడగాలో శిక్షణ పొందారు. జీతం లేకుండా టెలిఫోనులో అయిదువేల మందికి పైగా మాట్లాడారు. ఏ ఏట ఏ ఇంట్లో ఉన్నారు, పిల్లలకు ఏ జబ్బులు వచ్చాయి అని అడిగి రాసుకున్నారు. ఇవి ఏ ప్రయోగశాలలోనూ దొరకని వివరాలు.

1984లో ఫలితాలు వెలువడ్డాయి. ఆ బావుల నీటికీ, పిల్లల రక్తక్యాన్సర్‌కూ సంబంధం కనిపించింది. బాధితుల ఊరివారే లెక్కలు సేకరిస్తే నమ్మేదెలా అని కొందరు పెదవి విరిచారు. అడగవలసిన ప్రశ్నే అది. శాస్త్రజ్ఞులు దానికి ముందే సిద్ధపడ్డారు. బావులు తెరవకముందు తూర్పుభాగంలో ఉన్న జబ్బులను, ఆ నీరు ఎన్నడూ అందని పడమటిభాగంతో పోల్చి చూశారు. తేడా కనబడలేదు. అంటే, తూర్పువారు తమ జబ్బులను పెంచి చెప్పలేదన్నమాట.

1997లో రాష్ట్ర ఆరోగ్యశాఖ మరొక పరిశోధన వెలువరించింది. గర్భవతులుగా ఆ నీరు తాగిన తల్లుల బిడ్డలకే ప్రమాదం ఎక్కువగా కనిపించిందని అందులో తేలింది. అయితే రోగుల సంఖ్య చాలా తక్కువ కనుక, కచ్చితంగా ఇంతే అని చెప్పడానికి వీలులేకపోయింది.