పసితనంలో భయం, నడివయసులో రోగం

 



మన పాల్వంచ బస్తీల్లో నలభై ఏళ్లకే బీపీ గోళీ, షుగర్ గోళీ మింగేవాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. ఎందుకొచ్చిందని అడిగితే ఉప్పు, నూనె అంటారు కొందరు. పొగ, బూడిద అంటారు ఇంకొందరు. "ఏ జన్మలో ఏం పాపం చేసుకున్నామో" అంటారు పెద్దవాళ్లు. మొదటి రెండు మాటలూ డాక్టరుతో మాట్లాడాల్సినవి. మూడోది మనలో మనం తేల్చుకోవాల్సింది. దీక్ష తీసుకున్న ఇళ్లల్లో కూడా ఆ మాట ఇంకా పోలేదు.

ఇదే సంగతి మోలియ సీవకుడనే పరివ్రాజకుడు బుద్ధుణ్ణి అడిగినట్టు సంయుత్త నికాయంలో ఉంది. మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ వల్లేనా అని అతని ప్రశ్న. బుద్ధుడు ఎనిమిది కారణాలు లెక్కపెట్టాడు: పిత్తం, శ్లేష్మం, వాతం, ఆ మూడూ కలవడం, రుతువుల మార్పు, ఒంటిని సరిగా చూసుకోకపోవడం, బయటి నుంచి పడ్డ దెబ్బ, కర్మఫలం. అంతా పూర్వకర్మే అనేవాళ్లు లోకానికి తెలిసినదాన్ని దాటి మాట్లాడుతున్నారని చెప్పాడు. బాబాసాహెబ్ 'బుద్ధుడు – ఆయన ధమ్మం'లో ఇంకో అడుగు ముందుకేసి, పోయిన జన్మ కర్మ ఈ జన్మకు వస్తుందనే సిద్ధాంతం బుద్ధుడిది కాదన్నారు. కాబట్టి కారణాన్ని ఈ జన్మలోనే వెతుకుదాం. ముఖ్యంగా ఈ జన్మ మొదటి పదేళ్లలో.

కిన్నెరసాని అడవిలో ఎలుగుబంటి ఎదురైందనుకోండి. కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే రసాయనాల్ని రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటు ఎక్కుతుంది, పరుగెత్తడానికి రక్తంలో చక్కెర పెరుగుతుంది. ప్రాణం కాపాడే ఏర్పాటే అది. ఎలుగు పోయాక ఒళ్లు చల్లబడుతుంది. మరి ఆ ఎలుగు ఇంట్లోనే ఉంటే? రాత్రి తొమ్మిదింటికి తాగి తలుపు తంతూ వస్తే? పిల్లగాడి ఒంట్లో ఆ ఏర్పాటు రోజూ మోగుతూనే ఉంటుంది. ఎదిగే మెదడు, గుండె, రక్తనాళాలు ఆ మోతకే అలవాటుపడతాయి. ఆ వాపు, ఆ ఒత్తిడి ఏళ్ల తర్వాత బీపీగానో షుగర్‌గానో బయటపడొచ్చు.

దీన్ని పెద్ద ఎత్తున లెక్కగట్టింది అమెరికాలో, శాన్ డియాగోలో. విన్సెంట్ ఫెలిటి, రాబర్ట్ ఆండా అనే డాక్టర్లు 1998లో అచ్చువేసిన అధ్యయనంలో 9,508 మంది పెద్దవాళ్లను వాళ్ల బాల్యం గురించి అడిగారు. కొట్టారా, తిట్టి అవమానించారా, లైంగికంగా వేధించారా, తల్లిని కొట్టడం చూశారా, ఇంట్లో తాగుబోతులున్నారా, మానసిక రోగులున్నారా, జైలుకు పోయినవాళ్లున్నారా అని ఏడు రకాలు. నాలుగు అంతకుమించి అనుభవించినవాళ్లకు తాగుడు, దిగులు జబ్బు, ఆత్మహత్యాప్రయత్నం ముప్పు 4 నుంచి 12 రెట్లు ఎక్కువ కనిపించింది. రకాలు పెరిగేకొద్దీ గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, కాలేయం జబ్బు కూడా పెరిగాయి.

ఆ ఏడింటిలో కులం లేదు. అడిగినవాళ్లకు ఆ సంగతి తట్టే అవకాశమే లేదు. మనకు తెలుసు. 1901లో బాల భీమరావు అన్నతో, మేనల్లుళ్లతో కలిసి తండ్రి దగ్గరికి బయల్దేరి మసూర్ స్టేషన్‌లో దిగాడు. మహర్లని తెలిశాక బండి దొరకలేదు. రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి తామే తోలుకుంటామంటే ఒకడు ఒప్పుకున్నాడు. తిండి మూటలో ఉంది, తాగడానికి నీళ్లు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఆ ముద్ర చెరగలేదని ఆయనే 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో రాసుకున్నారు. (ఆయనకు తర్వాత షుగర్ వచ్చింది గానీ దాన్ని దీనికి ముడిపెట్టకండి. ఈ అధ్యయనాలు వేలమంది లెక్క చెప్తాయి, ఒక్క మనిషి రోగానికి ఒక్క కారణం చూపవు.)

కులం పిల్లల మీద అప్పటికప్పుడు ఎట్లా పనిచేస్తుందో ఉత్తరప్రదేశ్‌లో కార్లా హాఫ్, ప్రియాంక పాండే పరీక్షించారు. ఆరు, ఏడు తరగతుల మగపిల్లలకు దారి కనుక్కునే చిక్కుబొమ్మలిచ్చారు. కులం చెప్పనప్పుడు దళిత పిల్లలు, పైకులాల పిల్లలు సమానంగా చేశారు. అందరి ముందూ కులం పైకి చదివాక దళిత పిల్లలు బాగా వెనకబడ్డారు. తెలివి అదే, పిల్లలు వాళ్లే.

ఆకలి కూడా ఇట్లాంటి ఒత్తిడే. మన హైదరాబాద్ దగ్గర 29 ఊళ్లలో 1987–90 మధ్య జాతీయ పోషకాహార సంస్థ ఒక పరిశీలన చేసింది. 15 ఊళ్లలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అదనపు ఆహారం అందింది, 14 ఊళ్లకు ఆ పథకం ఇంకా రాలేదు. ఆ పిల్లల్ని 13–18 ఏళ్ల వయసులో మళ్లీ కొలిచి 2008లో ఫలితం చెప్పారు. ఆహారం అందిన ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు. రక్తనాళాల బిరుసు తక్కువ, ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది. అంగన్‌వాడీ అన్నాన్ని చిన్నచూపు చూసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

అయితే బాల్యం చెడ్డవాళ్లందరూ రోగులు కారు. నమ్మకంగా చూసుకునే పెద్ద మనిషి ఒక్కరున్నా పిల్లల ఒంట్లో ఆ మోత తగ్గుతుంది. సిద్ధార్థుడి తల్లి ఏడు రోజులకే చనిపోతే పిన్ని మహాప్రజాపతి గౌతమి పెంచింది. భీమరావు తల్లి పోయాక మేనత్త మీరాబాయి పెంచింది. మన ఇళ్లల్లో ఆ పిన్ని, ఆ మేనత్త, ఆ తాత ఎవరో చూసుకోండి. కూలికి పోయే తల్లికి అది పెద్ద ఆసరా.

పంచశీలలో ఐదోదాన్ని మనం తాగేవాడి మంచికే అనుకుంటాం. నన్నడిగితే అది ముందు ఆ ఇంట్లో పిల్లల కోసం. ఇక ఇప్పటికే ఆ బాల్యం గడిపి వచ్చిన పెద్దవాళ్లు ఏటా బీపీ, షుగర్ చూపించుకోవాలి. చిన్నప్పటి సంగతి డాక్టరుకు చెప్పడానికి సిగ్గుపడొద్దు. ఆనాపానసతి మనసును నెమ్మదింపజేస్తుంది, గోళీకి బదులు మాత్రం కాదు. నిద్ర పట్టకపోయినా, దిగులు వదలకపోయినా టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. పక్కింట్లో పిల్లల్ని హింసిస్తుంటే 1098. పగలైనా రాత్రయినా చెయ్యొచ్చు, డబ్బులు పడవు.